గృహారోగ్యము: చేయి పొంగినంతమాత్రమున

సోదరీమణులారా! ప్రతిమాసమును ఈ పుటయందు మేము మీకు హితవు చెప్పుచుందుము. ఈ మాసమున మొదట మా తప్పొకటి మీయెదుట నొప్పుకొని, పిదప విషయమునకు వచ్చెదము.

మా తరిగొప్పులలో మా పొరుగింటి పెద్దాయనకు రెండు మాసములకు పైగా దగ్గు విడువలేదు. చుట్ట కాల్చువాని కది సహజమేయని యింటివారు ఊరకుండిరి. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు తోడై మనిషి సగమైన పిదప కఫము పరీక్షింపగా క్షయ యని తేలినది. వెంటనే మందులు మొదలిడిరి. ఆ యింట నున్నవారందఱును పరీక్ష చేయించుకొనవలెనని ఆశా కార్యకర్త వచ్చి చెప్పెను. పొరుగింటి ఇల్లాలును, ఆఱు మాసముల క్రిందట కాపురమునకు వచ్చిన కోడలును జనగామకు పోయి ముంజేతికి సూది వేయించుకొనిరి. కొడుకునకు పనులు తెమలలేదు, అతడు పోలేదు. మూడవనాడు చూపించుకొనగా అత్తగారి చేతిమీద నేమియు లేదు. కోడలి చేయి 14 మిల్లీమీటర్ల మేర పొంగియున్నది.

ఆ సాయంకాలము ఆ యిల్లాలు మా యరుగుమీద కూర్చుండి, "అమ్మా, మా కోడలు చెయ్యి పొంగింది. పుట్టింటికెల్లే తెచ్చిందంటరా?" అని యడిగెను.

మేము చిన్ననాట తండ్రిగారియొద్ద భారతము, నైషధము చదువుకొన్నవారము. వైద్యము చదివినవారము కాము. "మాకు తెలియదు" అన్న రెండు మాటలు ఆ పూట మా నోట రాలేదు. చదువుకొన్నదని నమ్మి యడుగవచ్చినవారికి ఏదో యొకటి చెప్పకున్న చిన్నతనమనిపించినది. "క్షయ వంశమునుబట్టి వచ్చునని పెద్దలందురు" అంటిమి. మఱునాటి యుదయమున మేము వాకిట ముగ్గు పెట్టుచుండగా, ఆ పిల్ల చేతిసంచి పట్టుకొని, తన యన్నవెంట బస్సునకు పోవుచుండెను. మమ్ము చూచి నవ్వెను. మేమన్న మాట ఆమె యెఱుగదు.

ఆ నవ్వు మమ్ము నిదురపోనీయలేదు. ఆనాటినుండి నర్సమ్మ నడిగి, వైద్యుని నడిగి, మా వారు తెచ్చియిచ్చిన పుస్తకములు చదివి తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. మా యరుగుమీద వచ్చిన మాట మఱియొక యరుగుమీద రాకుండుటకే యీ వ్రాత.

క్షయకు రాజయక్ష్మమని పాతపేరు. చంద్రుడు దక్షప్రజాపతి కుమార్తెల నిరువదియేడుగురిని పెండ్లాడి, రోహిణి యొక్కతెనే ఆదరించినందున, మామగారి శాపముచే ఆ రోగము పాలయ్యెనని భారతము చెప్పును. కథ సొగసైనదే. కాని ఈ కథలు విని పెరిగిన మనకు రోగము కనబడగానే "ఇది యెవరి పాపము?" అని వెదకుట యలవాటైనది. ఆ వెదకులాట మన యిండ్లలో తఱచుగా కోడలియొద్దనే ఆగును. 1882 మార్చి 24వ తేదీని జర్మనీదేశపు బెర్లిను నగరమున రాబర్టు కాక్ అను వైద్యుడు ఈ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని లోకమునకు చూపెను. క్షయ శాపము కాదు. వంశమునుండి దిగివచ్చు ఆస్తియు కాదు. ఊపిరితిత్తులలో రోగమున్నవారు దగ్గినప్పుడు, మాటలాడినప్పుడు గాలిలో కలసిన క్రిములను ప్రక్కవారు పీల్చుటవలన నిది వచ్చును. గాలియాడని గదిలో బహుకాలము కలసియున్నవారికి ప్రమాద మెక్కువ. ఒకే యింటిలో పలువురికి వచ్చుట చూచి మనవారు దీనిని వంశవ్యాధి యనుకొనిరి. ఇంటివారు పంచుకొన్నది రక్తము కాదు, గాలి.

ఇక ఆ సూదిమాట. ఆ కాక్ వైద్యుడే 1890లో క్షయక్రిములను పులుసువంటి ద్రవములో పెంచి, కాచి, వడగట్టి ట్యుబర్క్యులిన్ అను పదార్థమును తీసి, ఇది క్షయకు మందని ప్రకటించెను. లోకము పండుగ చేసికొనెను. కాని మందుగా నది పనికిరాలేదు. కొందఱికి కీడును చేసినది. అయినను ఆ వైఫల్యమునుండియే యొక మేలు పుట్టినది. క్షయక్రిమి లోనికి ప్రవేశించినవారి శరీరము ఆ పదార్థము తగిలినచోట పొంగుచున్నది. ప్రవేశింపనివారి శరీరము ఊరకున్నది. దీనిని గమనించి 1907లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు పిర్కే చర్మముపై గీరి చేయు పరీక్షను, 1908లో ఫ్రాన్సుదేశపు మాంటూ చర్మపుపొరలోనికి సన్నని సూదితో నెక్కించు పరీక్షను తెచ్చిరి. నేటికిని ఆస్పత్రులలో దీనికి మాంటూ పరీక్ష యనియే పేరు.

ఆ పదార్థమున నొక లోపముండెడిది. క్రిములు పెరిగిన పులుసంతయు దానిలో కలసియుండుటచే ఒక్కొక్క పాకమున కొక్కొక్క బలము. ఒకచోట పొంగిన చేయి మఱియొకచోట పొంగదు. ఈ చిక్కును విప్పినది యొక స్త్రీ. అమెరికాదేశమున 1897లో పుట్టిన ఫ్లోరెన్సు సైబర్టునకు మూడేండ్ల వయస్సున పోలియో సోకి కాలు కుంటువడెను. ఆమె రసాయనశాస్త్రము చదివి, ఫిలడెల్ఫియా నగరమున ఏండ్లతరబడి ఆ పులుసును వడగట్టి, అందలి క్రిమి మాంసకృత్తులను మాత్రము వేఱుచేసి, శుద్ధ ట్యుబర్క్యులిన్‌ను సిద్ధపఱచెను. దానినే పీపీడీ యందురు. ఆమె చేసిన పాకమును 1952లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అంతర్జాతీయ ప్రమాణముగా గ్రహించినది. మనము నెయ్యి కాచి వడగట్టునప్పుడు మడ్డిని విడదీయుదుము గదా. ఆమె జీవితములో చాలభాగము అట్టి యోర్పుగల పనియే. ఆ యోర్పు ఫలము మా పొరుగింటి కోడలి ముంజేతివఱకు వచ్చినది.

ఆ పొంగు ఏమి చెప్పును? శరీరమునకు జ్ఞాపకము గలదు. ఎప్పుడో ప్రవేశించిన క్రిమిని మన రక్తములోని రక్షకకణములు గుర్తుంచుకొనియుండును. దాని పోలికగల పదార్థము చర్మమున తగులగానే అవి యచ్చట గుమిగూడును. రెండు మూడు దినములలో ఆ చోటు గట్టిపడును. అంతే. "ఈ శత్రువును నేనెఱుగుదును" అని శరీర మనుచున్నది. "ఈ శత్రువు నన్ను గెలిచినది" అని యనుట లేదు.

ఈ భేదమే సోదరీమణులు ముఖ్యముగా గ్రహింపవలసినది. క్రిమి లోనున్న వారందఱును రోగులు కారు. లోకజనులలో సుమారు నాలుగవవంతు మందికి ఈ క్రిమి యెప్పుడో సోకినదని వైద్యుల యంచనా. అట్లు సోకినవారిలో నూటికి అయిదు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలమున ఎప్పుడైన రోగముగా మాఱును. తక్కినవారిలో క్రిమి నిదురించుచుండును. వారివలన నెవరికిని సోకదు. రోగమున్నదో లేదో చెప్పవలసినవి దగ్గు, జ్వరము, బరువు తగ్గుట మొదలగు లక్షణములు, ఎక్స్‌రే పటము, కఫపరీక్ష, చేతిపొంగు కాదు. మఱియు ఆ పొంగు క్రిమి యెన్నడు వచ్చినదో చెప్పదు. ఎవరినుండి వచ్చినదో చెప్పదు. పుట్టింటినుండి వచ్చినదా, అత్తింటినుండి వచ్చినదా యని చూపు సాధనము వైద్యశాస్త్రమున లేదు. మా పొరుగింట మాత్రము రెండు మాసములుగా దగ్గుచున్నది ఆ పిల్ల మామగారు. ఆయనకు వేళకు కషాయము, అన్నము అందించినది ఆ పిల్ల.

ఇంకొక చిక్కు గలదు. దమయంతీ స్వయంవరమును తలచుకొనుడు. నలుడొక్కడే కాని, ఎదుట నిలిచినవారు అయిదుగురు నలులు. ఆకారమును మాత్రమే చూచియున్న దమయంతి మోసపోయెడిది. ఆమె ఱెప్పపాటును, చెమటను, నేలనంటిన పాదమును చూచి అసలు నలుని గుర్తించినది. శుద్ధ ట్యుబర్క్యులిన్ ఆకారము మాత్రమే చూచును. క్షయక్రిమికి జ్ఞాతులైన సూక్ష్మజీవులు మట్టిలోను నీటిలోను గలవు. బీసీజీ టీకాలో నున్నదియు ఆ జాతి క్రిమియే. వీనిలో నేది తగిలియున్నను కొందఱి చేయి కొంత పొంగును. శిశువునకు పుట్టగానే వేసిన టీకా ప్రభావము ఏండ్లు గడచినకొలది తగ్గునుగాని, కొందఱిలో నిలిచియుండును.

ఈ చిక్కును గుర్తించుటలో మన తెలుగునేలకును పాలు గలదు. రాయలసీమలోని మదనపల్లెచెంత 1915లో తెఱచిన క్షయచికిత్సాలయము ఆరోగ్యవరమను పేర ప్రసిద్ధము. డెన్మార్కుదేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దానికి మొదటి యధికారి. మందులు లేని ఆ కాలమున గాలి, వెలుతురు, విశ్రాంతి, ఆహారములే చికిత్స. మన దేశమున బీసీజీ టీకాను 1948లో మొదట ప్రయోగించిన తావులలో మదనపల్లె యొకటి. 1950 మొదలు యొహాన్నెస్ ఫ్రిమోడ్ట్ మోలరును ఆయన సహచరులును ఆ చుట్టుపట్ల పల్లెలలో ట్యుబర్క్యులిన్ పరీక్షలు చేసి, చేయి పొంగనివారిలో కొందఱికి టీకా వేసి, కొందఱికి వేయక, ఏండ్లతరబడి వారిని కనిపెట్టి చూచిరి. ఆ ఫలితములు 1964లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడెను. టీకా వేయుటకు ముందు అందఱి చేతులను పరీక్షించుట ఆనాటి పద్ధతి. దక్షిణదేశపు పల్లెలలో టీకా లేనివారికిని కొద్దికొద్దిగా పొంగు చేతులు పెక్కు కనబడుటచే, ఆ జ్ఞాతిక్రిముల సంగతి పండితుల దృష్టికి వచ్చినది. మన పల్లెటూళ్ళ తల్లులు, బిడ్డలు చేయి చాచి నిలిచినందువలన లోకమునకు కలిగిన జ్ఞానమిది.

దమయంతి చూచిన గుర్తులవంటివి ఇటీవల దొరకినవి. క్షయక్రిమియందు ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అను రెండు మాంసకృత్తులు గలవు. ఫ్రాన్సుదేశమున కాల్మెట్టు, గెరాను అనువారు 1908 మొదలు 1921 వఱకు పశువుల క్షయక్రిమిని మాటిమాటికి తిరిగి పెంచి బలహీనపఱచి టీకాను చేసినప్పుడు, ఈ రెంటిని పుట్టించు భాగము ఆ క్రిమినుండి జాఱిపోయినది. గావున టీకా వేసికొన్నవారి శరీరము వీని నెఱుగదు. నిజమైన క్షయక్రిమి సోకినవారి శరీర మెఱుగును. ఈ రెంటితో చేసిన క్రొత్త చర్మపరీక్షలను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ఆమోదించినది. అందు సై-టీబీ యనుదానిని పూనాలోని సీరం సంస్థ తయారుచేయుచున్నది. దీనియందు 5 మిల్లీమీటర్ల గట్టిదనముండిన సోకినట్లే లెక్క. కాని మఱువకుడు: ఇదియు సోకినదో లేదో చెప్పునే గాని, రోగమైనదో కాలేదో చెప్పదు. అసలు నలుని గుర్తించినంత మాత్రమున అతడు మేలుకొనియున్నాడా, నిదురించుచున్నాడా తెలియదు గదా.

ఇక ఇల్లాండ్రు చేయవలసిన పనులు చెప్పెదము.

సూది ముంజేతి లోపలివైపున చర్మపుపొరలో వేయుదురు. మందు మిల్లీలీటరులో పదవవంతు మాత్రమే. వేసినప్పుడు చిన్న బుడిపె లేచి కొంతసేపటి కణగిపోవును. ఆ చోట గోకరాదు, పసుపు, నూనె, లేపనము పూయరాదు, కట్టు కట్టరాదు. స్నానమునకు అభ్యంతరము లేదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఈ పరీక్ష చేయించుకొనవచ్చును.

48 గంటలకు పిమ్మట, 72 గంటలకు లోపల తిరిగి పోయి చూపించుకొనవలెను. సూది వేయించుకొని మరల పోకుండుట ఉత్తరము తెచ్చుకొని విప్పకుండుట వంటిది. పెండ్లియో, నాట్లో, సంతయో అడ్డమువచ్చు వారమున సూది వేయించుకొనకుడు; ముందే దినము లెక్కించుకొనుడు. ఇంటిలో తామే చూచుకొని తీర్పు చెప్పుకొనరాదు. ఎఱ్ఱదనము లెక్కకు రాదు. వ్రేలితో తడవినప్పుడు తగులు గట్టిదనమునే అడ్డముగా కొలుతురు. పాతపరీక్షలో సామాన్యముగా 10 మిల్లీమీటర్లు, హెచ్ఐవీ గలవారికి 5 మిల్లీమీటర్లు హద్దు.

పొంగని చేయి చూచి నిశ్చింతగా నుండుటయు తగదు. క్రిమి సోకిన తరువాత చేయి పొంగుటకు కొన్ని వారములు పట్టును. ఆహారలోపము, తట్టు, హెచ్ఐవీ, వార్ధక్యము, కొన్ని మందులు శరీరపు జ్ఞాపకమును మందగింపజేయును. దగ్గు రెండు వారములు దాటిన, జ్వరము విడువకున్న, చేయి పొంగినను పొంగకున్నను కఫపరీక్షకు పోవలసినదే.

చేయి పొంగి, ఎక్స్‌రే పటమున రోగము లేదని తేలినచో, నిదురించు క్రిమి మేలుకొనకుండ నివారణౌషధము గలదు. ఆఱు మాసములు దినదినము పుచ్చుకొను పద్ధతి యొకటి. వారమునకొక తడవ చొప్పున పండ్రెండు వారములు పుచ్చుకొను పద్ధతి మఱియొకటి. ఈ రెండవదానిలో మూత్రము నారింజవన్నెకు తిరుగును, బెదరవలదు. గర్భిణులకు ఆ రెండవది తగదు; గర్భము రాకుండ మాత్రలు వాడువారికి ఆ మాత్రల బలము తగ్గును. గావున సిగ్గుపడక ముందే వైద్యునితో చెప్పవలెను. రోగి యున్న యింట అయిదేండ్లలోపు పసివాండ్రుండిన, చర్మపరీక్షకై వేచియుండనక్కఱ లేదు. రోగము లేదని వైద్యుడు నిశ్చయించిన వెంటనే వారికి నివారణౌషధ మీయవలెను. ఏలయన పసిబిడ్డలలో నిది మెదడునకు ప్రాకి త్వరితముగా ప్రాణాపాయము తెచ్చును.

ఇదంతయు తెలిసికొన్న పిమ్మట మేము పొరుగింటికి పోయి, "ఆనాడు మేమన్నది తప్పు. క్షయ వంశమునుబట్టి రాదు. ముందు మీ కుమారుని చేయి చూపింపుడు" అని చెప్పితిమి. ఆ మాట యనుటకు గడప దాటునప్పుడు మా కాళ్ళు వణకినవి. ఆ యిల్లాలు మొదట మొగము చాటుచేసికొన్నను, మూడు నాళ్ళకు కొడుకును బయలుదేరదీసెను.

అతని చేయి 17 మిల్లీమీటర్లు పొంగినది.

ఆ సాయంకాలము ఆమె మరల మా యరుగుమీదికి వచ్చి చాలసేపు మాటలాడలేదు. కొడుకు చేయి కోడలి చేతికంటె నెక్కువగా పొంగినది. అతని నెవరును "ఎక్కడినుండి తెచ్చితివి?" అని యడుగలేదు. అతని నెవరును ఏ యింటికిని పంపలేదు. ఈ మాటలు మేమనలేదు. ఆమెయే తలచుకొనుచున్నట్లు తోచినది. తుదకు లేచి, "రేపు పొద్దుగాల్ల నేనే పోయి తోల్కొస్త" అనెను. అట్లే తెచ్చుకొనెను.

ఇప్పుడు భార్యాభర్తలిద్దఱును ఆదివారమునాడు కలసి కూర్చుండి మాత్రలు పుచ్చుకొనుచున్నారు. ఇరువురి పటములును నిర్మలముగా నున్నవి. మామగారికి దగ్గు తగ్గినది. ఆఱు మాసముల మందు నడుమ మానకుండ చూచు భారము ఇల్లాలు తనమీద వేసికొన్నది. మేము ఆ పిల్లను పిలిచి, ఆనాటి మా మాటను దాచక చెప్పుకొంటిమి. ఆమె కొంతసేపూరకుండి, "మీరే వచ్చి చెప్పిన్రు గదా, అమ్మా" అనెను. క్షమించినట్లో, కాదో మాకు తెలియలేదు. అడుగు హక్కు మాకు లేదు.

సోదరీమణులారా! మన వీథిలో నెవరి చేయి యైన పొంగినచో, మూడు ప్రశ్నలు చాలును. మూడవనాడు చూపించుకొంటివా? ఎక్స్‌రే తీయించుకొంటివా? ఇంటనున్న మగవారును చూపించుకొనిరా? నాలుగవ ప్రశ్న యేదైన నాలుకమీదికి వచ్చిన, దానిని మ్రింగివేయుడు. మేము మ్రింగలేకపోయితిమి, అందుచే ఒక పిల్ల నలువదినాళ్ళు తన యింటికి దూరమై యుండెను.